నూట ముప్ఫై, నూట ముప్ఫై ఒకటి

వెల్డన్, ఒహాయో
సెప్టెంబరు 3, 1991, మంగళవారం

తాతయ్యకి,

ఈ రోజు మొదటి వింత పొద్దున ఎనిమిదింటికే ఎదురైంది. చరిత్ర ప్రొఫెసర్ గారు పాఠం మొదలుపెట్టకముందే నన్ను పిలిచి, "మార్నీ, ఫుట్‌బాల్ గురించి నీకేం తెలుసు?" అని అడిగారు. "బంతి గుండ్రంగా ఉండదని తెలుసండీ," అన్నాను. "చాలు, నాకు కావలసింది నువ్వే," అన్నారు.

విషయం ఇది. మా కాలేజీలో ఆట మొదలై నూరేళ్లయింది. అక్టోబరు 26న, పాత విద్యార్థులంతా వచ్చే శనివారం నాడు, మైదానానికి ఒక కోచ్ పేరు పెడతారు. ప్రొఫెసర్ గారు నడిపే ఏడుగురి కమిటీ ముగ్గురిని ఏరింది: బ్రాంట్, ఓక్స్, లిండ్‌క్విస్ట్. ముగ్గురివీ మూడు కాలాలు. కమిటీలో ఎవరు చదువుకున్న కాలం వాళ్లకి గొప్ప. జరిగిన రెండు సమావేశాలూ అరుపులతోనే ముగిశాయట. అందుకని ఏ పక్షమూ లేని మనిషి చేత వ్యాసం రాయించి, అది చదివి ఓటు వేద్దామనుకున్నారు. వ్యాసం ఆ రోజు ఆట దగ్గర పంచే పుస్తకంలో నాలుగు పేజీలు వస్తుంది. నా పేరుతో అచ్చయ్యే మొదటి రాత ఇదే, తాతయ్యా.

ప్రస్తుతం నా దగ్గరున్నవి అంకెలు. బ్రాంట్ 1911 నుంచి 1934 దాకా, 118 గెలుపులు. ఓక్స్ 1946 నుంచి 1966 దాకా, 131. అందులో 1957లో ఒక్క ఓటమీ లేదు, నూరేళ్లలో అలాంటి ఏడాది అదొక్కటే. లిండ్‌క్విస్ట్ 1972 నుంచి ఇప్పటిదాకా 142. పొద్దుటి నుంచి 'గొప్ప' అనే మాటని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. దేనితో కొలవాలో ఆ మాట చెప్పడం లేదు.

ఈ ముగ్గురికీ జుట్టు కత్తిరించిన మనిషి భూమి మీద మీరొక్కరే. ఫోన్ చేస్తే మీకు వినపడదు. మీ చెల్లెలు వర్నా నాన్నమ్మ మధ్యలో ఉండి మీ జవాబుకి బదులు తన జవాబు చెబుతుంది. అందుకని ఉత్తరం రాయండి.

మీ మనవరాలు
మార్నీ

*

ఈరీ, పెన్సిల్వేనియా
సెప్టెంబరు 9

మార్నీకి,

నీ ఉత్తరం వర్నా ముందే చదివేసింది. "గొప్ప కోచ్ ఎవరేంటి, ఓడినా ఇంటికొచ్చి పెళ్లాం మీద అరవనివాడే," అని తన తీర్పు చెప్పింది. నీ వ్యాసంలో వేసుకో.

బ్రాంట్‌కి చెవుల పైన ఒక్క వెంట్రుక లేదు. అయినా వారం వారం వచ్చేవాడు. నేను కొట్టు పెట్టేసరికి ఆయన చివరి ఏడాది. ఆయన అసలు పని కెమిస్ట్రీ చెప్పడం. ఆటగాళ్లు పదహారు మంది, అందులో పదకొండు మంది మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా మైదానంలోనే ఉండేవాళ్లు. తోలు టోపీలు. సోమవారం నా కుర్చీలో కూర్చుంటే చెవులు చితికిపోయి ఉండేవి, కత్తెర పెట్టాలంటే భయమేసేది. ఓడిన మర్నాడు బ్రాంట్ నల్లబల్ల మీద ఆట మొత్తం గీసి, తన తప్పుల్ని ఎర్ర సుద్దతో దిద్దుకునేవాడు. కుర్రాళ్ల తప్పులు దిద్దేవాడు కాదు. బట్టతల మీద ఎర్ర సుద్ద వేలిముద్రలు నేనే తుడిచేవాణ్ని. తల లోపల ఏముందో చెప్పలేను గానీ బయట మాత్రం బిలియర్డ్స్ బంతి.

లిండ్‌క్విస్ట్‌ది ఒత్తు జుట్టు. చెవికి తగిలించుకునే ఫోను వల్ల నడినెత్తిన ఒక గాడి. ఎంత దువ్వినా పోదు. ఐదుగురు సహాయకులు ఆ ఫోనులో చెవి కొరుకుతుంటారు. ఆయన దగ్గర తొంభై మంది పిల్లలు. పదహారు మందితో గెలిచినవాణ్నీ తొంభై మందితో గెలిచినవాణ్నీ ఒకే త్రాసులో వేసే పని నాకు అప్పజెప్పకు.

ఓక్స్ సోమవారం సోమవారం వచ్చేవాడు. కదలకుండా కూర్చునేవాడు.

శనివారాల్లో మైదానం గీత పక్కన అంకె కర్ర పట్టుకునే పని నలభై ఏళ్లు నాది. నీకు తెలియదు కాబట్టి చెబుతున్నా. జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకి పోవాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లది. ఇప్పుడు ఎన్నో ప్రయత్నమో చూపించే రేకులు నా కర్ర చివర ఉండేవి. ఒక్కో ప్రయత్నం అవగానే ఒక రేకు తిప్పాలి. ఊళ్లోవాళ్లమే చేసేవాళ్లం, ఊరికే. కనుక ఈ ముగ్గుర్నీ వెనకనుంచీ పక్కనుంచీ కూడా చూశాను.

మీ తాతయ్య
హాలిస్ ప్రూయిట్

*

వెల్డన్
సెప్టెంబరు 17

తాతయ్యకి,

బట్టతల గురించి అన్ని వాక్యాలు రాసి, ఇరవై ఒక్క ఏళ్లు కోచ్‌గా ఉన్న ఓక్స్‌కి రెండే వాక్యాలు ఇచ్చారు. లెక్కపెట్టాను.

శనివారం మొదటిసారి ఆట చూశాను. మీరు చెప్పిన కర్ర చూశాను. ఇప్పుడది పట్టుకునేది పోస్టాఫీసులో పనిచేసే ఒక పెద్దమనిషి. అందరూ బంతిని చూస్తుంటే నేను ఆయన్నే చూశాను. ఆయన వైపు ఎవరూ చూడరు, కానీ ఏదైనా అనుమానం వస్తే రెఫరీ చూసేది ఆ కర్రనే.

ఆట తర్వాత లిండ్‌క్విస్ట్ గారిని కలిశాను. "అమ్మాయ్, నన్ను పోల్చకు. నేనింకా ఓడాల్సినవి మిగిలున్నాయి," అన్నారు. మరి ఎవరు గొప్ప అని పట్టుబట్టాను. "ఓక్స్. ఒక్క ఓటమీ లేని ఏడాది ఎలా ఉంటుందో నాకు తెలీదు. ఆయన బతికుంటే ఆ ఏడాది నిద్ర పట్టిందో లేదో అడిగేవాణ్ని," అన్నారు.

నా కొలతలు మూడు. ఎన్ని గెలిచారు, ఎంతమందితో గెలిచారు, గెలిచే దారిలో ఏది వదులుకున్నారు. మూడోదానికి అంకెలు లేవు, మనుషుల జ్ఞాపకాలే ఉన్నాయి. ఓక్స్ గురించి చెప్పండి. 1957 చివరి ఆట, ఫెర్న్‌బ్యాంక్ కాలేజీ మీద, కూడా చెప్పండి. మీరు అక్కడే ఉన్నారు కదా.

మార్నీ

*

ఈరీ
సెప్టెంబరు 23

మార్నీకి,

సరే, ఓక్స్ సంగతి.

1952లో మనం ఒక ఆటలో మూడు పాయింట్లు వెనకబడి ఉన్నాం. మనవాడొకడు బంతి పట్టుకుని నా ముందునుంచే పరిగెత్తి గోల్ గీత దాటాడు. జనం టోపీలు ఎగరేశారు. ఓక్స్ నడుచుకుంటూ రెఫరీ దగ్గరికి వెళ్లి, "మావాడి కాలు పక్క గీత మీద పడింది," అన్నాడు. రెఫరీ చూడలేదు. నేనూ చూడలేదు. ఓక్స్ చూశాడు. పాయింట్లు తీసేశారు, మనం ఓడిపోయాం. సోమవారం నా కొట్లో ఒకడు, "కోచ్, నీ కళ్లు కాస్త మందగిస్తే మనం గెలుద్దుం," అన్నాడు. ఓక్స్ అద్దంలోంచే, "నా కళ్ల డాక్టరుతో చెబుతాలే," అన్నాడు.

దీన్ని వ్యాసంలో రాసుకో. కళ్లతో చూసింది.

1957 ఆట గురించి ఆనాటి పత్రికల్లో ఉంది. 13–10. మంచువాన పడింది. నేను కొత్తగా చెప్పేదేం లేదు.

వర్నా నీకోసం చెర్రీ పండ్లు కూరి తీపి 'పై' కాల్చింది. పోస్టులో పంపడానికి వీల్లేదని చెప్పినా వినడం లేదు.

హాలిస్

*

వెల్డన్
అక్టోబరు 1

తాతయ్యకి,

మీరు చెప్పిన 1952 సంగతి నా వ్యాసాన్ని నిలబెట్టింది. చిత్తుప్రతి చదివి నిన్న కమిటీ ఓటు వేసింది. ఆరుగురు ఓక్స్‌కి, ఒకరు బ్రాంట్‌కి. ప్రొఫెసర్ గారు చెప్పారు, ఆ "కళ్ల డాక్టరు" మాట దగ్గర ఇద్దరు ముసలి పాత విద్యార్థులు కళ్లద్దాలు తుడుచుకున్నారట. 'ఓక్స్ మైదానం' అని బోర్డు రాయిస్తున్నారు. వ్యాసం ముగింపు వాక్యం ఇలా పెట్టాను: "మిగతా ఇద్దరూ గెలవడం తెలిసినవాళ్లు, ఓక్స్‌కి ఎలా గెలవకూడదో కూడా తెలుసు." ఆ వాక్యాన్ని నేను రోజుకి నాలుగుసార్లు చదువుకుంటున్నానని ఎవరికీ చెప్పకండి.

ఒక చిన్న చిక్కు. లైబ్రరీ అటక మీద ఓక్స్ సొంత కార్డులు దొరికాయి. ఏడాదికొకటి, పెన్సిలుతో. ఎవరితో ఆడారో పేరు, పక్కన 'గెలుపు' లేదా 'ఓటమి'. 1957 కార్డులో తొమ్మిది పేర్లున్నాయి. ఎనిమిదింటి పక్కన 'గెలుపు' అని ఉంది. ఫెర్న్‌బ్యాంక్ పక్కన ఏమీ లేదు, గెలుపూ లేదు, ఓటమీ లేదు. చివరి కార్డు మీద ఆయనే వేసుకున్న మొత్తం: 130. కాలేజీ లెక్క 131. ప్రొఫెసర్ గారు, "పొరపాటున వదిలేసి ఉంటాడు, కూడికలో ఒకటి పోయింది," అన్నారు. కానీ అదే అటక మీద ఆయన కాలపు ఆటల ఫిలిం రీళ్లన్నీ ఉన్నాయి, ఆ ఒక్క ఆటది తప్ప.

మీకేమైనా గుర్తుందా?

మార్నీ

*

ఈరీ
అక్టోబరు 5

మార్నీకి,

మనుషులు కూడికలో పొరపాటు పడతారు. ప్రొఫెసర్ చెప్పింది సరే. 131 అనే రాయి.

హాలిస్

అమ్మడూ, కింది భాగం నేను రాస్తున్నా, వర్నా. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మా అన్నయ్య సరిగా తినడం లేదు. "ఏమైందిరా నీకు, చెవులతోపాటు నోరూ పోయిందా?" అంటే, "నూట ముప్ఫై," అంటాడు. నేనేమో రక్తపోటు అనుకుని డాక్టరుకి కూడా చెప్పొచ్చా. ఏం రాశావే వీడికి?

*

వెల్డన్
అక్టోబరు 9

తాతయ్యకి,

మీరు ఇంత చిన్న ఉత్తరం నాకు ఎప్పుడూ రాయలేదు.

పాత కాలేజీ పత్రిక తీసి చూశాను. 1957 ఆట గురించి ఒక పేజీ ఉంది. చివరి నిమిషంలో వెల్డన్ జట్టు అవతలి గోల్ గీతకి ఐదు గజాల దూరంలో ఉందని, "పదే పదే గీత మీద పడి చివరికి దాటిందని" ఉంది. పదే పదే అంటే ఎన్నిసార్లో రాయలేదు. నాకు మాటలంటే ఇష్టం కానీ ఇక్కడ అంకె ఉండాల్సిన చోట మాట కూర్చుంది.

అచ్చుకి ఇవ్వాల్సింది 21న. మీరింకేమీ చెప్పకపోతే 131 అనే వేస్తాను, అలా రాయమన్నది మీరు కాబట్టి. అది నిజమని కాదు.

మార్నీ

*

ఈరీ
అక్టోబరు 13, ఆదివారం

మార్నీకి,

ఐదుసార్లు.

నాలుగే ఉండాలి. అదనంగా వచ్చినది నా వల్ల వచ్చింది.

జరిగింది వరసగా చెబుతాను. మనం 10–7తో వెనకబడి ఉన్నాం, గీత దాటితే ఆరు పాయింట్లు. నిమిషం కూడా లేదు. ఐదు గజాలు. మంచువాన అడ్డంగా కొడుతోంది. మొదటి ప్రయత్నం ఆగిపోయింది, రేకు రెండుకి తిప్పాను. రెండోదీ ఆగిపోయింది. అప్పుడే ఓక్స్ విరామం అడిగాడు. నా వేళ్లకి స్పర్శ లేదు. విరామంలో కర్రని పక్కనే పది గజాల కొలత గొలుసు పట్టుకునేవాడి చేతికిచ్చి, ఫ్లాస్కు మూతలో పోసిన వేడి కాఫీ పట్టుకుని చేతులు కాచుకున్నాను. అందరం అలాగే చేసేవాళ్లం. తిప్పి వెళ్లాననుకున్నాను. తిప్పలేదు. తిరిగొచ్చేసరికి కర్ర మీద రెండు. రెఫరీ రెండు అనే చూశాడు. అలా మూడోది రెండోదిగా ఆడారు. నాలుగోది మూడోదిగా ఆడారు.

నాలుగోదాన్ని ఫెర్న్‌బ్యాంక్ కుర్రాడొకడు, చొక్కా మీద 41, గీతకి అడుగు దూరంలో ఆపేశాడు. లేచి చేతులెత్తాడు. ఆట అయిపోయిందని అతనికి తెలుసు. రెఫరీ వద్దని తలూపాడు. కుర్రాడు నాలుగు వేళ్లు చూపించాడు. రెఫరీ నా కర్ర వైపు వేలు చూపించాడు. కుర్రాడు కర్రని చూసి, కర్ర పట్టుకున్న నన్ను చూశాడు. ఆ చూపుతోనే నాకు తెలిసింది.

ఇక్కడిదాకా పొరపాటు. ఇక ముందు కాదు. నేను నోరు తెరవలేదు. రేకు నాలుగుకి తిప్పాను. మనవాళ్లు గీత దాటారు. నన్ను కూడా ఎవరో భుజాల మీదకి ఎత్తారు.

ఆదివారం ఫిలిం కడిగి తెచ్చారు. ఓక్స్ ఒక్కడే చూశాడు. సోమవారం ఎప్పటిలాగే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను గుడ్డ కప్పాను.

"హాలిస్, నువ్వు ఎన్ని లెక్కపెట్టావు?"

"నాలుగు, కోచ్."

అద్దంలో నన్ను చాలాసేపు చూశాడు. "అయితే నాలుగే," అన్నాడు.

వెళ్లేటప్పుడు న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి తువ్వాళ్ల మీద పెట్టాడు. ఆట అయ్యాక సోమవారం మధ్యాహ్నం బస్సులో ఫిలిం కాపీ అవతలి కాలేజీకి పంపడం అప్పటి ఆనవాయితీ. "తేమకి పాడైందని ఫెర్న్‌బ్యాంక్ వాళ్లకి చెబుతా. నీ పిల్లలు ఈ ఊళ్లోనే బడికెళ్లాలి," అన్నాడు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు, సోమవారం తప్పకుండా వచ్చాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నేనేమనుకున్నానో తెలుసా? ఆయనకి ఆ గెలుపు కావాలి కాబట్టి నా అబద్ధం తీసుకున్నాడనుకున్నాను. ఇద్దరం సమానం అనుకున్నాను. ముప్ఫై నాలుగేళ్లు నన్ను నిలబెట్టింది ఆ ఆలోచనే. ఇప్పుడు నువ్వు ఖాళీగా ఉన్న ఆ చోటు సంగతి రాశావు. ఆయన గెలుపు తీసుకోలేదు. నా అబద్ధాన్ని మాత్రం మోశాడు.

నేను చెప్పిన 1952 సంగతి నిజం. కానీ ఆ ఒక్కటే చెప్పి, దాంతో ఓటు వేయించాను. మళ్లీ రేకు తిప్పకుండా ఊరుకున్నట్టే.

రీలు నా దగ్గరే ఉంది. వర్నా కుట్టుమిషన్ డబ్బాలో.

హాలిస్

*

వెల్డన్
అక్టోబరు 21

తాతయ్యకి,

మీ ఉత్తరం మొదటిసారి చదివి మీ మీద కోపం తెచ్చుకున్నాను. రెండోసారి చదివి ఓక్స్ మీద. మూడోసారి చదివాక నా ముగింపు వాక్యం మీద. అది కొట్టేశాను. అంత బాగున్న వాక్యాన్ని కొట్టేయడం ఇదే మొదలు.

ప్రొఫెసర్ గారికి అంతా చెప్పాను. ఆయన కిటికీ దగ్గరికెళ్లి నిలబడి, "బోర్డు రాయించేశామమ్మా," అన్నారు. మీ ఉత్తరం ఆయన చేతికిచ్చాను. అది చదివి, "కళ్లతో చూడకుండా నేను అక్షరం మార్చను. రీలు తెమ్మను. చూస్తే మాత్రం, చూసింది అచ్చు వేస్తా," అన్నారు. కాబట్టి నాలుగో పేజీ ఖాళీగా వదిలి పుస్తకం అచ్చుకిచ్చాం. శనివారం పొద్దున తొమ్మిదింటికి కెమిస్ట్రీ హాల్లో రీలు వేస్తారు, పాత ప్రొజెక్టరు ఇంకా తిరుగుతోంది. పది గంటలకి నేను ఆ పేజీ రాస్తే, కాపీలు తీసి పుస్తకాల్లో పెడతారు. పన్నెండింటికి బోర్డు మీద గుడ్డ తీయాలి. తీస్తారో లేదో, తీస్తే ఏ పేరు ఉండాలో, పదకొండింటికి కమిటీ కూర్చుంటుంది.

ఇంకో పని చేశాను, మిమ్మల్ని అడక్కుండా. ఫెర్న్‌బ్యాంక్ పాత పుస్తకంలో 41 ఎవరో వెతికాను. పేరు ఆర్విన్ టాల్‌బట్. ఇక్కడికి నలభై మైళ్లలో పశువుల దాణా కొట్టు నడుపుతున్నాడు. రీలు ఉందని, చూడటానికి రమ్మని రాశాను. ఒక కార్డు వచ్చింది. మొత్తం రాస్తున్నాను:

"అమ్మాయీ, నేను ఆ రోజు నాలుగు వేళ్లు చూపించాను. మా కోచ్ కూడా నమ్మలేదు. ఆర్విన్‌కి నాలుగు దాకా లెక్క రాదని మా ఊళ్లో అప్పట్నుంచీ నవ్వుతారు. నేను బస్తాలు లెక్కపెట్టిస్తే ఇప్పటికీ ఇంకోసారి లెక్కపెట్టుకుంటారు, ఎగతాళికే అనుకో. మా ఆవిడ వద్దంది. వస్తున్నా. కర్ర పట్టుకున్నాయన బతికే ఉన్నాడా?"

ఉన్నాడని రాశాను. వస్తాడో లేదో చెప్పలేనని రాశాను. మీరు రీలు పోస్టులో పంపినా సరిపోతుంది. ఆ సంగతి మీ ఇష్టం.

మీరడగలేదు కానీ చెబుతున్నాను. ముగ్గురిలో ఎవరు గొప్పో నాకిప్పుడు సెప్టెంబరులోకంటే తక్కువ తెలుసు. మూడు కాలాల్ని పోల్చాలంటే ముందు ఒక కాలం లెక్కయినా సరిగ్గా ఉండాలి. అంతవరకే వచ్చాను.

మార్నీ

*

వెల్డన్, మీ హాస్టల్ కింద వరండాలో
అక్టోబరు 25, శుక్రవారం, మధ్యాహ్నం

మార్నీకి,

పోస్టులో పంపలేదు. నేనే తెచ్చాను. నువ్వు ఐదింటిదాకా తరగతిలో ఉంటావని బల్ల దగ్గర కూర్చున్నావిడ నా చెవిలో గట్టిగా చెప్పింది. పైకి వెళ్తానంటే, "మగవాళ్లకి లేదు," అంది. "డెబ్బై ఐదేళ్ల మగవాణ్ని," అన్నాను. "వాళ్లే మొండివాళ్లు," అంది. అందుకని కాగితం అడిగి ఇది రాస్తున్నాను. ఆవిడే ఇస్తుంది నీకు.

నా కొట్టు ఉన్నచోట ఇప్పుడు వీడియో క్యాసెట్లు అద్దెకిస్తున్నారు. అద్దం మాత్రం అదే. లోపలికెళ్లి అందులో నన్ను నేను చూసుకుని వచ్చాను. ఏం కావాలని అడిగాడు కుర్రాడు. ఏమీ వద్దన్నాను.

మైదానం దగ్గర బోర్డు చూశాను, గుడ్డ కప్పి ఉంది. గాలికి ఒక మూల లేచింది. 'ఓ' కనపడింది. ఆ పేరు తీసేస్తారేమోనని భయంగా ఉంది, ఉంచేస్తారేమోనని కూడా. ఓక్స్ నాకోసం ఊరంతటికీ అబద్ధం చెప్పాడు, తన కార్డుకి మాత్రం చెప్పలేదు. అలాంటివాణ్ని ఏమనాలో నాకు తెలీదు. రేపు పది గంటలకి ఆ మాట వెతకాల్సింది నువ్వు. నాకోసం మెత్తటి మాట వెతక్కు.

వర్నా నీకు చెర్రీ 'పై' పంపింది. బస్సులో ఒళ్లో దాని పళ్లెం, పళ్లెం మీద రీలు. అది కొంచెం నలిగింది.

రాత్రికి బస్టాండు పక్క మోటెల్లో ఉంటాను. రేపు పొద్దున ఎనిమిదిన్నరకి కెమిస్ట్రీ హాల్ మెట్ల దగ్గర నిలబడతాను. టాల్‌బట్‌ని నువ్వు పరిచయం చెయ్యొద్దు, నేనే వెళ్లి పేరు చెప్పుకుంటాను. చెయ్యి చాస్తాను. అందుకుంటే అందుకుంటాడు. ఆయన్ని తెరకి ఎదురుగా, ముందు వరసలో కూర్చోబెట్టు. నేను తెర పక్కన నిలబడతాను, గీత దగ్గర నిలబడ్డట్టే. దీపాలు ఆర్పి రీలు వెయ్యమను. ప్రయత్నాలు నేనే పైకి లెక్కపెడతాను, నాకు వినపడకపోయినా గదిలో అందరికీ వినపడేలా, ఒకటి నుంచి ఐదు దాకా.

మీ తాతయ్య